ముందు బోయీకే దారి కనిపిస్తుంది

మా ముత్తాతగారు ఒక చిన్న జమీకి ప్రభువు. ఆయన పల్లకి వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. మా తాతగారి నాటికి జమీ పోయింది, దివాణం మిగిలింది. మా నాన్నగారి నాటికి దివాణమూ పోయి ఇంటిపేరు మిగిలింది. నేను ఆ ఇంటి పెద్ద కూతురిని. న్యూజిలాండ్‌లో, లోవర్ హట్‌లో, ఆడపిల్లల హైస్కూల్లో వ్యాయామం టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ముందుగా వంశం సంగతి చెప్పడం గొప్ప కోసమే అనుకుంటారేమో. కొంత గొప్ప కోసమే. మిగతాది, ఈ కథకు అది కావాలి కనక.

ముత్తాతగారి వస్తువుల్లో మా దాకా వచ్చింది ఆ పల్లకి ఒక్కటే. దాన్ని పెట్టుకునేంత ఇల్లు మాలో ఎవరికీ లేదు. మా తమ్ముడు ఇండియాలో, మా ఊళ్ళో, ఒక గది అద్దెకు తీసుకుని అందులో ఉంచాడు. మనుషుల్ని మోయాల్సిన వస్తువును మేమే మోస్తున్నామని వాడు ఎన్నోసార్లు అన్నాడు. నేను ససేమిరా అమ్మనివ్వలేదు.

మా నాయనమ్మ మా ఆడపిల్లల్ని నెత్తిన ఇత్తడి చెంబు పెట్టి హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించేది. చెంబులో నీళ్ళు తొణికితే మళ్ళీ మొదటి నుంచి. "ఆస్తి పోతే పోయింది, వెన్ను వంగకూడదు" అనేది. నా వెన్ను ఈ రోజుకీ వంగలేదు. డాక్టరు దాన్ని వేరే పేరుతో పిలుస్తాడు, అది వేరే సంగతి.

ఇండియాలో మహిళా కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేశాను. జావెలిన్ నా విద్య. ఈ దేశం వచ్చాక మళ్ళీ చదివి, మళ్ళీ పరీక్షలు రాసి, బడిలో చేరాను. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో మా స్కూలుకు ఒక కొత్త ఆట వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్‌నే, ఒకరినొకరు గుద్దుకోకుండా, నడుముకు ఇటూ అటూ జెండాలు కట్టుకుని ఆడతారు. బంతి పట్టుకున్న పిల్ల జెండాను ఎదుటి జట్టు లాగేస్తే ఆ ఎత్తు, అంటే ఆ విడత ఆట, అక్కడితో ఆగిపోతుంది. వరసగా నాలుగు అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో ముందుకు వెళ్ళాలి.

జట్టుకు కోచ్ మా లెక్కల మాస్టారు. సమోవాలో పుట్టినవాడు, తలుపంత మనిషి, నవ్వితే స్టాఫ్‌రూమ్‌లో కప్పులు కదిలేవి. నా నడక చూసి నాకు "యువర్ హైనెస్" అని పేరు పెట్టింది ఆయనే. వెక్కిరింపుకే పెట్టాడు. నేను మాత్రం నాకు రావాల్సిందే వచ్చిందన్నట్టు తీసుకున్నాను.

"యువర్ హైనెస్, ఆట నాకు తెలుసు, విసరడం మీకు తెలుసు. క్వార్టర్‌బ్యాక్‌ను మీకు వదిలేస్తున్నా" అన్నాడు.

క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ఎత్తులోనూ మొదట బంతి చేతికొచ్చే మనిషి. తనవాళ్ళు తలో వైపు పరుగెడతారు. ఎదుటి జట్టు పిల్ల ఒకతె తన జెండా లాగడానికి సూటిగా దూసుకొస్తుంది. ఆ రెండు మూడు ఊపిరుల్లో ఎవరికి వీలుందో చూసి బంతి విసరాలి. మొదటి మనిషికి వీల్లేకపోతే రెండో మనిషి, అదీ కాకపోతే మూడో మనిషి. చెప్పడానికి ఇంతే.

మా క్వార్టర్‌బ్యాక్ మన తెలుగు పిల్ల. కర్నూలు వైపు కుటుంబం. తండ్రి రోజూ రైలెక్కి వెల్లింగ్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళేవాడు, తల్లి వృద్ధాశ్రమంలో నర్సు. పిల్ల స్కూలు ఆఖరి సంవత్సరంలో ఉంది. క్లాసులో పేరు పిలిస్తే "యెస్ మిస్" అనేది కూడా పక్కవాళ్ళకు వినపడదు. కానీ తండ్రితో పెరట్లో క్రికెట్ ఆడి ఆడి చెయ్యి మాత్రం బంగారంలా తయారైంది. హట్ లోయలో ఈలవేస్తూ వచ్చే గాలికి అడ్డంగా విసిరినా బంతి అనుకున్న చోటే పడేది.

ఆ పిల్లను నేను మా నాయనమ్మ పద్ధతిలోనే తీర్చాను. నెత్తిన ఇసుక సంచి పెట్టి, వెనక్కి మూడడుగులు వేయించేదాన్ని. సంచి పడకూడదు, గడ్డం దిగకూడదు.

"నీళ్ళు తేవడానికి పంపుతున్నారా?" అన్నాడు మాస్టారు.

"మీ జట్టులో నిటారుగా నిలబడే మనిషి ఒక్కరైనా ఉండాలి కదా" అన్నాను.

నెల తిరిగేసరికి విసురు ఎంత స్థిరపడిందంటే, ఆయనే మిగతా పిల్లలకూ సంచులు తెప్పించాడు.

తరవాత గొంతు సమస్య. ఎత్తు మొదలుపెట్టాలంటే క్వార్టర్‌బ్యాక్ కేక వెయ్యాలి, ఆ కేకకు బంతి కదలాలి. మా పిల్ల కేక దగ్గరున్నవాళ్ళకే వినపడదు. అప్పుడు నాకు ముత్తాతగారి బోయీలు గుర్తొచ్చారు. పల్లకి మోసేటప్పుడు "ఓహోం... ఓహోం" అనేవారని, ఆ పదం మీదే అందరి అడుగులూ కలిసేవని నాయనమ్మ చెప్పేది. పిల్లకు అది నేర్పాను. పొట్టలోంచి రావాలి, గొంతులోంచి కాదు అన్నాను. మొదట సిగ్గుపడింది. తరవాత ఒక సాయంత్రం గ్రౌండు అవతల కుక్కను నడిపించుకుంటున్న ముసలాయన ఆగి చూసేంతగా అరిచింది. జట్టులోని కివీ పిల్లలు, మావొరీ పిల్లలు, అందరూ "ఓహోం" పట్టుకున్నారు. కారిడార్‌లో కూడా అదే పలకరింపు. అంతకుముందు ఆ పిల్ల పక్కన కూర్చోనివాళ్ళు కూడా, మైదానంలో తను చెయ్యెత్తితే చుట్టూ చేరి తలలు వంచి తన మాట వినేవారు. ఆ గుంపు మధ్యలో ఉన్నప్పుడు దాని ముఖం చూశాను. ఆ చోటు పోతే ఆ పిల్లకు ఏం పోతుందో నాకు అర్థమైంది.

అయితే ఒక్క జబ్బు వదల్లేదు. ఎవరికీ వీల్లేనప్పుడు బంతిని వదిలేది కాదు. మొదటి మనిషిని చూస్తుంది, రెండో మనిషిని చూస్తుంది, మళ్ళీ మొదటి మనిషినే చూస్తుంది. ఈలోగా జెండా పోయేది. బయల్దేరిన చోటి కంటే వెనక ఆగిపోయేవాళ్ళం. అలాంటప్పుడు మనవాళ్ళున్న వైపే, ఎవరికీ అందనంత ఎత్తుగా, మైదానం పక్క గీత అవతలికి బంతి విసిరెయ్యాలి. ఒక అవకాశం పోతుంది, ఉన్న చోటు మాత్రం పోదు. మాస్టారు ఇది వందసార్లు చెప్పాడు.

"ఎందుకు పారెయ్యవు?" అని అడిగితే పిల్ల నాతో అంది, "వేస్ట్ కదా మిస్. ఏదో ఒకటి ట్రై చెయ్యకుండా ఎలా వదిలేస్తాం?"

వాళ్ళింట్లో కంచంలో మెతుకు వదలకూడదు, పరీక్షలో ప్రశ్న వదలకూడదు. దాని బుర్రలో బంతి కూడా అంతే. నిజం చెప్పాలంటే నాకు ఆ జవాబు నచ్చింది. మా ఇంట్లోనూ పట్టింది వదిలే అలవాటు లేదు. "నువ్వు నిలబడు, వీలు దొరుకుతుంది" అని నేనే భుజం తట్టాను. మాస్టారు ఒకటి చెబుతుంటే నేను పక్కనుంచి ఇంకొకటి చెబుతున్నానన్నమాట. పిల్ల ఎవరి మాట వింటుంది? తెలుగులో చెప్పిన మాటే విన్నది.

మా ప్రాంతపు ఫైనల్‌కు రెండు రోజుల ముందు మాస్టారు నన్ను సామాన్ల గదిలోకి పిలిచాడు. నవ్వు లేదు.

"శనివారం మొదటి సగంలో ఒక్కసారి బంతి పట్టుకుని నిలబడి దొరికిపోయిందా, ఇద్దరి చోట్లూ మారుస్తాను" అన్నాడు.

ఇద్దరంటే, మా పిల్లా, జట్టులో మూడో మనిషిగా పరుగెత్తే ఎర్రజుట్టు కివీ పిల్లా. ఆ ఎర్రజుట్టు పిల్లకూ క్వార్టర్‌బ్యాక్ కావాలని ఉంది. దాచుకునేది కూడా కాదు. మా పిల్ల బంతి విసరడానికి ఆమె వైపు దాదాపు చూసేదే కాదు.

"నేను మాట ఇస్తున్నాను" అన్నాను.

"యువర్ హైనెస్, మీ మాట నాకు వద్దు. బంతి వదిలితే చాలు."

ఆ సాయంత్రం ప్రాక్టీసు తరవాత పిల్లను నిలబెట్టి విషయం చెప్పాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ కారనివ్వలేదు. అది నా శిక్షణే. తల్లి కారు దగ్గర ఎదురుచూస్తూ ఉంది.

"ఏం ఆంటీ, పాప బాల్ పట్టుకోని అట్లే నిలబడుకోనుంటాదంట కదా. ఇంట్లో కూడా అంతే, రిమోట్ ఒక్కసారి పట్టుకుంటే ఇడిచిపెట్టదు."

"నేను ఆంటీని కాను, మేడమ్‌ని" అన్నాను.

"సరే మేడమ్. పులిహోర తెచ్చినా, తీసుకోండి మేడమ్."

తీసుకున్నాను. వంశం వేరు, పులిహోర వేరు.

పిల్లకు ధైర్యం చెప్పాలనిపించింది. మా ఇంట్లో పిల్లలకు ధైర్యం చెప్పాలంటే ఒకటే కథ. అదే చెప్పాను. మా ముత్తాతగారు ఒకసారి పొరుగూరికి పల్లకిలో వెళ్తున్నారు. దారిలో వాగు పొంగింది. ముందు బొంగు మోసే బోయీ కాలు పెట్టి చూసి, "దొరా, కింద ఊబి ఉంది, దించుతాం, ఈ నాలుగడుగులు నడవండి" అన్నాడు. ఒడ్డున జనం చూస్తున్నారు. దొర బురదలో కాలు పెట్టడమా? "పదండి" అన్నారు ఆయన. నట్టవాగులో పల్లకి పక్కకు ఒరిగి బోల్తాపడింది. ఆయన తొడ ఎముక విరిగింది. అయినా ఒడ్డుకు చేర్చేదాకా మూలగలేదు, మాట తూలలేదు. అదీ మా ముత్తాతగారు. ఈ కథ చెప్పేటప్పుడు మా నాన్నగారు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. నేనూ ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను.

పిల్ల శ్రద్ధగా విన్నది. వాళ్ళమ్మ కూడా కారు తలుపు తెరిచి పట్టుకుని విన్నది. తరవాత పిల్ల అడిగింది:

"మిస్, ముందున్నాయనకి రోడ్ కనిపిస్తోంది కదా?"

"కనిపిస్తుంది. ముందు బోయీ చూసి చెబుతాడు, వెనకవాళ్ళు వింటారు. వాళ్ళకు దారి కనపడదు."

"లోపల కూర్చున్నాయనకి?"

"ఆయనకెందుకు?"

"మరి ఆయన మాటే ఎందుకు విన్నారు? దించేసి ఉంటే అయిపోయేది కదా. ఫోర్ స్టెప్సే కదా, మిస్. మళ్ళీ ఎక్కేవారు."

మా ఇంట్లో ఆ కథ నాలుగు తరాలు చెప్పుకున్నాం. ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను పులిహోర డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. ఆ పిల్ల తల్లే నవ్వింది: "పాపం, కాలు ఇరిగింది పల్లకీలో ఉండేటాయనకే. మోసేటోళ్ళు బాగానే ఉండి ఉంటారు లెండి."

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. మా తాతగారు జమీ వ్యాజ్యంలో రాజీకి ఒప్పుకోలేదు. అవతలివాళ్ళు సగం ఇస్తామన్నారు. రాజీ అన్న మాట మా ఇంట్లో బూతుమాటతో సమానం. చివరికి ఆ సగం కూడా దక్కలేదు. దాన్నీ మేం ధైర్యంగానే చెప్పుకునేవాళ్ళం. నేను ఆ పిల్లను పల్లకిలో కూర్చునే మనిషిలా తయారుచేస్తూ వచ్చాను. వెన్ను నిటారు, గడ్డం పైకి, పట్టు వదలకు. కాని ఆ ఆటలో దాని పని ముందు బొంగు కింద భుజం పెట్టడం. దారి కనపడేది దానికే. మిగతా నలుగురూ దాని మాట మీదే నడుస్తారు.

మరునాడు సంచి పెట్టలేదు. పిల్లను పిలిచి చెప్పాను: "నువ్వు ముందు బోయీవి. ఊబి కనిపిస్తే దించెయ్. మళ్ళీ ఎత్తుకోవచ్చు. దించినవాడికి అవమానం లేదు."

"వేస్ట్ కాదా?"

"పల్లకి నీ చేతిలోనే ఉంటుంది కదా. అది ఉంటే ఏదీ వేస్ట్ కాదు."

ఆ మాట పూర్తిగా నమ్మి చెప్పానో లేదో నాకే తెలియదు. కాని ఆ రోజంతా అదే ఆడించాను. మాస్టారు దూసుకొచ్చేవాడు, ముగ్గురికీ వీల్లేకుండా చేసేవాళ్ళం, పిల్ల గీత అవతలికి విసిరేది. విసిరిన ప్రతిసారీ ముఖం చేదు మందు తాగినట్టు పెట్టేది. మాస్టారు మాత్రం ప్రతిసారీ చప్పట్లు కొట్టాడు. ఎవరూ లేని చోటికి పోయిన బంతికి చప్పట్లు కొట్టిన మనిషిని నేను ఆయన్నే చూశాను.

శనివారం దక్షిణ ధ్రువం వైపు నుంచి చలిగాలి కొట్టింది. జాకెట్లు వేసుకున్న తల్లిదండ్రులు గీత పొడుగునా నిలబడ్డారు. పిల్ల తండ్రి ఉద్యోగానికి వెళ్ళే బ్యాగుతోనే వచ్చాడు, అలవాటు కాబోలు.

మొదటి సగంలోనే పాత జబ్బు తిరగబెట్టింది. ఒక ఎత్తులో మొదటి మనిషి, రెండో మనిషి, మళ్ళీ మొదటి మనిషి. జెండా పోయింది. మాస్టారు నా వైపు చూశాడు. నేను చూపు మైదానం మీదికి తిప్పాను. నా జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషిని.

విరామంలో ఆయన ఎర్రజుట్టు పిల్లను పిలవబోతుంటే అడ్డం వెళ్ళాను.

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి" అన్నాను. "ప్లీజ్" అని కూడా అన్నాను.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. "మీరు ప్లీజ్ అన్నారని స్టాఫ్‌రూమ్‌లో చెప్పినా ఎవరూ నమ్మరు" అని, ఎర్రజుట్టు పిల్లను నీళ్ళు తాగి రమ్మని పంపాడు.

ఆట చివరికొచ్చింది. ఒక్క టచ్‌డౌన్ వేస్తే, అంటే గోల్ గీత అవతల బంతి అందుకుంటే, మేం గెలుస్తాం, లేకపోతే లేదు. గోల్ గీత దగ్గరికి చేరాం. రెండు అవకాశాలు మిగిలాయి. "ఓహోం" అని కేక. బంతి పిల్ల చేతికొచ్చింది. మొదటి మనిషికి ఇద్దరు కాపలా. రెండో మనిషి జారి పడింది. దూసుకొచ్చే పిల్ల చెయ్యి జెండాకు చాచింది. నా నోట్లో "నిలబడు" అన్న మాట తయారుగా ఉంది. పాతకాలపు మాట, దానంతట అదే వస్తుంది. పళ్ళు బిగించాను.

"దించుతున్నా!" అని తెలుగులో అరిచి, పిల్ల బంతిని మా జట్టు పిల్ల ఒకతె తల మీదుగా, గీత అవతలికి, కార్ల దాకా విసిరేసింది.

జనం ఉసూరుమన్నారు. "అయ్యో, వేస్ట్ చేసేసిందే!" అని తండ్రి బ్యాగు కింద పెట్టేశాడు. మా మాస్టారు ఒక్కడే రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టాడు. తరవాత నేనూ కొట్టాను.

ఇంక ఒక్కటే అవకాశం. ఉన్న చోటు మాత్రం పోలేదు. పిల్ల చెయ్యెత్తింది, అందరూ చుట్టూ చేరారు. దాని చెయ్యి ఎర్రజుట్టు పిల్ల భుజం మీద ఉండడం చూశాను. విడిపోయారు. "ఓహోం" అంది. ఎదుటి జట్టు కదలబోయి ఆగింది. రెండో "ఓహోం"కు బంతి కదిలింది. మొదటి మనిషి వైపు చూసింది, రెండో మనిషి వైపు చూసింది, ఈసారి వెనక్కి తిరగలేదు. మూడో మనిషి వైపు చూసింది. ఎర్రజుట్టు పిల్ల గోల్ గీత అవతల మూలన ఒంటరిగా ఉంది. తన దగ్గరికి బంతి వస్తుందని ఎవరూ అనుకోలేదు, బహుశా తను కూడా. బంతి చిన్నగా, మెత్తగా వెళ్ళి ఆమె చేతుల్లో పడింది.

ఆ తరవాత ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పలేను. కొంతసేపటికి పిల్ల నా దగ్గరికి వచ్చింది, ఒళ్ళంతా గడ్డి.

"మిస్, దించాను. చూశారా?"

"చూశాను. భుజాలు వంగిపోయాయి, సరిచేసుకో" అన్నాను.

నవ్వుతూ సరిచేసుకుంది. వెనకనుంచి వాళ్ళమ్మ, "మేడమ్ ఏడుస్తా ఉన్నారు కదే" అంది. గాలి వల్ల అని చెప్పాను.

ఆ తరవాతి పోటీలో ఆక్లండ్ జట్టు మమ్మల్ని చిత్తుగా ఓడించింది. ఆ ఆటలో కూడా మా పిల్లే క్వార్టర్‌బ్యాక్. రెండుసార్లు బంతి దించింది, ఒక్కసారి కూడా దొరకలేదు. సంవత్సరం చివర జట్టు పిల్లలు నాకు ఒక ఇసుక సంచి బహుమతిగా ఇచ్చారు. దాని మీద "హర్ హైనెస్" అని దారంతో కుట్టారు. అది నా డ్రాయింగ్ రూమ్‌లో ఉంది.

ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు నన్ను సలహా అడుగుతుంటారు. వెన్ను నిటారుగానే ఉంచుకోండి, అది మంచిదే. కాని ఏ పనిలోనైనా మీరు కూర్చుని ఉన్నారో మోస్తున్నారో ముందు చూసుకోండి. నాకు అది తెలిసేసరికి రిటైర్‌మెంట్ దగ్గరికొచ్చింది, అయినా తెలిసినందుకు తృప్తే.

ఫైనల్ జరిగిన మర్నాడు ఇండియాలో మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఆ గది ఖాళీ చెయ్యమని ఇంటాయన మళ్ళీ అడుగుతున్నాడు, అక్కయ్యా" అన్నాడు వాడు, తిట్లు తినడానికి సిద్ధపడిన గొంతుతో.

"చేసెయ్" అన్నాను.

"మరి పల్లకి?"

"దించెయ్."

వాడికి అర్థం కాలేదు. ఇంకోసారి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. పల్లకిని పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే ఒకాయనకు అమ్మేశాం. దాని వెండి తొడుగులు మా తాతగారే అంతకు చాలాముందు అమ్మారు.